జత తప్పిన ఇల్లు

దేముడమ్మకి అసూయ జాస్తి అని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. ఎవరైనా ముఖం మీదే అనేస్తే కోపగించుకోదు. "ఉన్నాది. అయితే ఏటి? మీకు నేదా?" అని ఎదురడుగుతుంది. అన్నవాళ్లు గొంతు సవరించుకుని వానల సంగతి ఎత్తుకుంటారు. అసూయ లేని మనిషి ఎక్కడుంటాడు గనక! తక్కినవాళ్లు దాన్ని కొంగు చాటున దాచుకుంటారు, దేముడమ్మ ముక్కుపుడకలా ముందరే పెట్టుకు తిరుగుతుంది. అంతే తేడా.

పుట్టింటి నించి తెచ్చుకున్న గుణం కాదది. అత్తగారు కూర్మమ్మ చేతులారా పెంచి పెద్ద చేసింది.

నరసన్నపేటలో ఆటో ఎక్కితే వరిచేల మధ్య దిగే ఊరు వాళ్లది. కూర్మమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు త్రినాథ్, చిన్నవాడు గిరిబాబు. ఇద్దరి పెళ్లీ ఒకే పందిట్లో, ఒకే ముహూర్తానికి కానిచ్చేసింది. పెద్దవాడికి దేముడమ్మ, చిన్నవాడికి రేఖ. ఖర్చు కలిసొస్తుందని చేసింది గానీ, చేశాక గుండెల్లో రాయి పడింది. ఒకే పందిట్లో రెండు జంటలు కూర్చుంటే ఒక జంట పైకొచ్చి రెండోది కిందికి పోతుందని ఎవరో పెద్దావిడ పెళ్లి భోజనాల దగ్గరే అనేసింది. విరుగుడు కూడా ఆవిడే చెప్పింది. ఇద్దరు కోడళ్లకీ ఏది పెట్టినా జతగా పెట్టాలి, ఎక్కడా వెలితి రానివ్వకూడదు.

ఆ రోజు మొదలు కూర్మమ్మ జత తప్పలేదు. చీరలు తెస్తే ఒకే తానులోవి. నల్లపూసలు ఒకే కంసాలి చేసినవి. ఇంటిని రెండు వాటాలు చేస్తే గడపలు కూడా ఒకే కర్రలోంచి కోయించింది. ఒక కోడలికి జ్వరమొచ్చి బత్తాయిలు తెస్తే రెండో కోడలికీ బత్తాయిలు. పెరట్లో బట్టలారేసే దండేనికి నడిమధ్యన ఎర్ర గుడ్డపీలిక కట్టించింది, ఇటు సగం పెద్దకోడలిది, అటు సగం చిన్నకోడలిది. ఇలా పన్నెండేళ్లు గడిచేసరికి దేముడమ్మకి దేన్ని చూసినా ముందు పక్కవాటా వైపు చూపు పోవడం అలవాటైపోయింది. అక్కడ ఏముందో తెలిస్తే గాని ఇక్కడ ఉన్నది రుచించదు.

రేఖ మెతక మనిషి. దేముడమ్మని "అప్పా" అని పిలుస్తుంది, ఆ ఊళ్లో అక్కకి అదే మాట. ఇచ్చింది కట్టుకుంటుంది, పెట్టింది తింటుంది. ఇలాంటివాళ్ల మీద అసూయ పడడం కూడా కష్టమే, ఐనా దేముడమ్మ కష్టపడేది.

మొగుళ్లిద్దరూ పదేళ్లుగా సౌదీలో, జుబైల్ అనే ఊళ్లో ఉన్నారు. ఇద్దరూ పైపు వెల్డర్లు. తమ్ముడికి వెల్డింగు టార్చి పట్టడం నేర్పింది అన్నే. ఒకే కంపెనీ, మొదట్లో ఒకే గది. రెండేళ్లకోసారి ఇద్దరూ ఒకే విమానంలో సెలవు మీద వచ్చేవారు, ఒకే విమానంలో పోయేవారు. జతలో అదీ ఒక భాగమే అన్నట్టు ఉండేది.

ఒక్క వేసవిలో మాత్రం ఆ లెక్క తప్పింది. ఆ ఏడు త్రినాథ్ ఒక్కడే వచ్చాడు. గిరిబాబుకి సెలవు కుదరలేదన్నారు. ఎందుకు కుదరలేదో దేముడమ్మ అడగలేదు, అడగాల్సిన అవసరమే కనపడలేదు. ఆ రెండు నెలలూ ఆమె నేల మీద నడవలేదు. మొగుణ్ణి వెంటబెట్టుకుని విజయనగరం వెళ్లి, అక్కణ్ణించి రామతీర్థం పోయి కొండెక్కొచ్చింది. కొండ మీద తీయించుకున్న ఫోటో రేఖకి చూపించింది, మర్నాడు మళ్లీ చూపించింది. పొయ్యి దగ్గర కూర్చుని గోడ అవతలికి వినపడేలా, "మీ బావకి నెత్తళ్ల పులుసు గావాలంట, ఏటి మనిషో, పొద్దస్తమానం తిండి గోలే!" అని కసురుకునేది. అందులో కసురు ఎంతో, మురిపెం ఎంతో గోడకి కూడా తెలుసు.

ఆ రోజుల్లోనే దండెం మీద ఒక వింత చూసింది. ఇటు సగంలో త్రినాథ్ చొక్కాలు ఆరుతుంటే అటు సగంలో కూడా ఒక మగచొక్కా ఆరుతోంది. గిరిబాబు వదిలిపెట్టి వెళ్లిన పాత గళ్లచొక్కా. మరో నాలుగు రోజులకి మళ్లీ అదే చొక్కా, తడితడిగా.

"ఎవరు తొడిగినారే, ఉతుకుతన్నావు?" అని నవ్వింది దేముడమ్మ.

"ఎవురూ తొడగనేదప్పా," అంది రేఖ, బకెట్టు తీసుకుని లోపలికి పోతూ.

ఆ ముక్క దేముడమ్మ వీధంతా చెప్పుకుని నవ్వింది. ఆ వేసవి తాలూకు కూతురే అరుణశ్రీ. ఇప్పుడు ఐదేళ్లది. రేఖకి ఇంకా కడుపు పండలేదు. శ్రీకాకుళంలో డాక్టరమ్మ అన్నీ చూసి, "ఏ లోపమూ లేదు. ముందు మీరిద్దరూ ఒకచోట ఉండండి," అని పంపేసింది. జతలు చూసే కూర్మమ్మ కూడా ఈ ఒక్క విషయంలో చేతులెత్తేసింది.

ఇక ఇప్పటి సంగతికొస్తే, ఆషాఢం పోతుండగా గిరిబాబు ఉన్నట్టుండి పదిహేను రోజుల సెలవు మీద ఊడిపడ్డాడు. వచ్చీరాగానే అందరినీ పెరట్లో కూర్చోబెట్టి చెప్పాడు, రేఖని తీసుకెళ్లిపోతున్నానని.

"తీసుకెల్తావా? ఎక్కడికి?" అంది దేముడమ్మ.

"జుబైల్‌కి వదినా. ఫామిలీ వీసా వస్తాది నాకు."

"మరి మీ అన్నకి?"

గిరిబాబు నెత్తి గోక్కున్నాడు. "అన్నకి రాదు వదినా. అన్న కార్డులో కూలీ అని ఉన్నాది."

సౌదీలో పనిచేసేవాడి బతుకంతా అకామా అనే కార్డు మీద నడుస్తుంది. అందులో ఫోటో, పేరు, పక్కన వృత్తి. చేసే పని ఒకటి, కార్డులో వృత్తి ఇంకొకటి కావడం మామూలే. ఏజెంటు దగ్గర ఏ వీసా ఖాళీగా ఉంటే దాని మీద ఎక్కించేస్తాడు. అన్నదమ్ములు వెళ్లినప్పుడు దొరికినవి సామాన్లు మోసే కూలీల వీసాలు. చేతిలో వెల్డింగు టార్చి, కార్డులో కూలీ. ఆ తరవాత ఎప్పుడో గిరిబాబు కార్డు టెక్నీషియన్ అని మారింది. జీతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు కాబట్టి దేముడమ్మ ఆ మార్పుని లెక్కలోకే తీసుకోలేదు. ఇప్పుడు తెలిసొచ్చింది. కూలీ అని రాసున్నవాడు పెళ్లాన్ని తెచ్చుకోడానికి ఆ దేశం ఒప్పుకోదు. టెక్నీషియన్ అయితే ఒప్పుకుంటుంది.

"ఇద్దరూ ఒక్క పనే కదా సేస్తన్నారు?"

"పని సూడరు వదినా. కార్డు సూస్తారు."

"నీకు పని నేర్పినోడు ఆడు. కూలోడూ ఆడేనా?"

దేముడమ్మకి ఒళ్లంతా కారం పూసినట్టు మండింది. రేఖ విమానం ఎక్కుతుందనో, చల్లటి గదిలో ఉంటుందనో కాదు. సాయంత్రం మొగుడు డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పే చప్పుడు ఆ పిల్ల రోజూ వినబోతోంది. వేడి అన్నం వడ్డించి, "ఉప్పు సరిపోయిందా?" అని ఎదురుగా అడగబోతోంది. దేముడమ్మ పన్నెండేళ్ల కాపురంలో ఫోన్లోనే ఎక్కువసార్లు అడిగింది, ఆ మాట కూడా ఎవడో వండిన కూర గురించి.

మర్నాడు కూర్మమ్మ నరసన్నపేట వెళ్లి చక్రాలున్న సూట్‌కేసు కొనుక్కొచ్చింది. ఒకటి కాదు, రెండు. రెండూ ఒకే మెరూన్ రంగు. ఒకటి రేఖ వాటాలో దింపించి, రెండోది దేముడమ్మ వాటాలోకి దొర్లించుకొచ్చింది.

"నాకేటికత్తా ఇది? నానెక్కడికెల్తాను? ఆ మడికా?"

"జత తప్పకూడదమ్మా," అంది కూర్మమ్మ, చూపు తిప్పుకుని. ముసలిదానికి భయమేస్తోందని దేముడమ్మకి అర్థమైంది. పందిట్లో ఎవరో అన్న మాట పన్నెండేళ్లకి నిజమవుతోందని భయం. కింద పడే జంట ఎవరిదో కూడా ఆవిడకి తెలిసిపోయినట్టుంది. ఆ జాలి దేముడమ్మని ఇంకా మండించింది.

వీసాకి పెళ్లి సర్టిఫికెట్టు కావాలి. పన్నెండేళ్ల కిందటి పెళ్లిని ఎవరు రిజిస్టరు చేయించారు? నరసన్నపేటలో దస్తావేజులు రాసే తిరుమలరావు దగ్గరికి మొగుడూ పెళ్లాలు వెళ్లొచ్చారు. ఇద్దరూ స్వయంగా రావాలి, సాక్షులు కావాలి, పెళ్లినాటి ఫోటో కావాలి అన్నాడాయన. ఫోటో లేకపోతే వేరే దారి ఉంది గానీ నెల దాటుతుంది, అప్పటికి మీ సెలవు ఉండదు అని కూడా చెప్పాడు. ఆ కాగితం చేతికొస్తేనే తక్కిన ముద్రలన్నీ పడతాయి, ఢిల్లీదీ, ఆ దేశానిదీ.

రెండు పెళ్లిళ్లకీ కలిపి తీసింది ఒక్కటే ఆల్బమ్. పెద్దకోడలు కాబట్టి అది దేముడమ్మ దగ్గరే ఉంటుంది. రేఖ పుట్టింటి గోడకి తగిలించిన ఫోటో తిత్లీ తుపానులో పైకప్పుతో పాటే ఎగిరిపోయింది. ఫోటోలు తీసినవాడు ఎప్పుడో సూరత్ వెళ్లిపోయాడు.

రేఖ గడపలో నిలబడి అడిగింది. "అప్పా, పెళ్లి ఆల్బమ్ ఓపాలి ఇయ్యవా? రేపు స్టూడియోకి ఎల్లాల."

దేముడమ్మ బియ్యం చెరుగుతోంది. ఆలోచించలేదు, నోరే పలికేసింది. "అదెక్కడిదే? సెద తినేసినాది. పోయినేడే బయట పారేసినాను."

రేఖ గొడవ పెడుతుందేమో, మొగుణ్ణి పిలుస్తుందేమో అని దేముడమ్మ చేట పట్టుకుని ఎదురు చూసింది. ఆ పిల్ల "సరే అప్పా," అని వెళ్లిపోయింది.

ఆమె అటు వెళ్లగానే దేముడమ్మ పెట్టె అడుగునించి ఆల్బమ్ తీసి కొత్త సూట్‌కేసులో పడేసి తాళం వేసింది. చిన్న తాళంచెవిని మెడలో మంగళసూత్రాలకి పిన్నీసుతో గుచ్చుకుంది. చేసింది తప్పని తెలియకపోలేదు. తెలిసే చేసింది. నాకు రానిది నీకెందుకు రావాలి అన్నదొక్కటే ఆమె మనసులో ఉంది, దాన్ని ఇంకో పేరు పెట్టి ముద్దు చేసుకోలేదు కూడా.

తరవాతి రోజులు చూడాలి! గిరిబాబు స్కూటరు మీద ఊళ్లన్నీ తిరిగాడు, పెళ్లికొచ్చిన చుట్టాల ఇళ్లలో ఫోటో ఉందేమోనని. ఒకరింట్లో దొరికిన ఫోటోలో భోజనాల బంతి తప్ప పెళ్లికూతురు లేదు. కూర్మమ్మ మొక్కులు మొక్కింది. ఊడుపుల్లో నారు గుత్తులు నాటుతూ ఆడవాళ్లు, "ఏటే దేముడూ, నీ సూట్‌కేసుకి కూడా టికెట్టు తీసినారా?" అని పకపకలాడారు. దేముడమ్మ బురదలో కాలు దిగేసి తలెత్తకుండా నాటింది.

అన్నిటికంటే కష్టమైంది రేఖ ధోరణి. రోజూ పొద్దున్నే అలవాటు ప్రకారం వచ్చి అరుణశ్రీకి తలదువ్వి రెండు జడలు వేసేది. జడ వేస్తున్నంతసేపూ పిల్లతో ఊసులాడేది, దేముడమ్మతో పల్లెత్తు మాట అనేది కాదు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టొచ్చు. ఊరుకున్న మనిషిని ఏం చేస్తాం!

శుక్రవారం సౌదీలో సెలవు. మధ్యాహ్నం భోజనాలవేళ త్రినాథ్ ఫోన్ చేశాడు. దేముడమ్మ తలుపు దగ్గరగా వేసి మొదలుపెట్టింది.

"మావా, నీ కార్డు మార్పించు."

"అదేటి సొక్కా మార్సినట్టనుకున్నావేటే?"

"నీ తమ్ముడు మార్పించుకోనేదా? నీకు తెలీకుండా నీ ఎనకాల ఆడేదో సేసినాడు. నీ సోటు కొట్టేసినాడు. నువ్వు సూస్తే నోట్లో నాలిక నేని మనిషివి..."

"ఒసే!" త్రినాథ్ గొంతు పెరిగింది. అతను గొంతు పెంచడం దేముడమ్మ ఎరగదు. "ఆడి మీద అలాటి మాట అనకు. ఆడు కొట్టేయనేదు. నానే ఒగ్గేసినాను."

"ఏటొగ్గేసినావు?"

త్రినాథ్ అంతా చెప్పుకొచ్చాడు. ఆ ఏడు వేసవిలో కంపెనీ వెల్డర్లకి పరీక్ష పెట్టింది. నెగ్గినవాళ్ల కార్డులో వృత్తి మారుస్తామంది. సీనియరు కాబట్టి త్రినాథ్ పేరే ముందు రాశారు, వెనక గిరిబాబుది. సెలవు మీద వెళ్లేవాడికి పరీక్ష లేదన్నారు. ఇద్దరం ఉండిపోదాం అనుకున్నారు.

"ఈ ఏడు రానే, అని నీకు ఫోన్ సేసినాను. ఎందుకో సెప్పనిచ్చినావా నువ్వు? ఏడుపందుకున్నావు. మరిదొచ్చి, నువ్వు రాకపోతే, రేఖ ముందు నా పరువేటవుద్ది, నూతిలో పడతాను అన్నావు. ఆడు కూడా రావట్లేదని సెప్పేలోపే ఫోన్ పెట్టేసినావు."

దేముడమ్మకి ఆ ఏడుపు మాటకి మాట గుర్తుకొచ్చింది. నుయ్యి పెరట్లోనే ఉంది.

"తరవాతైనా సెప్పొచ్చు కదా."

"సెప్తే నువ్వే రావద్దందువు. నాకు రావాలనిపించినాది మరి. అబద్దం ఎందుకు? పరీచ్చ మల్లీ పెడతార్లే అనుకున్నాను. ఇన్నేళ్లూ పెట్టనేదు."

"రేఖకి తెలుసా ఇది?"

"గిరి సెప్పకుండా ఉంటాడేటి?"

ఫోన్ పెట్టేశాక దేముడమ్మకి ఆ వేసవి అంతా కళ్లముందు తిరిగింది. రామతీర్థం ఫోటో, గోడ అవతలికి విసిరిన మాటలు, ఎవరూ తొడగని గళ్లచొక్కా. మొగుడు పరీక్ష కోసం ఆగిపోతే పెళ్లాం ఇక్కడ చొక్కా ఉతికి ఆరేసుకుంది. ఆ చొక్కాని చూసి తను వీధంతా నవ్వించింది. అన్నీ తెలిసిన మనిషి, ఒక్క మాటతో తన నోరు మూయించగలిగిన మనిషి, ఆరేళ్లుగా ఊరుకుని, రోజూ తన కూతురికి జడలు వేస్తోంది.

సిగ్గేసింది. సిగ్గు పడుతూనే రేఖ మీద మళ్లీ అసూయ పుట్టింది, అంత ఓర్పు తనకెందుకు లేదని. ఆ గుణం అంత తేలిగ్గా వదిలేది కాదు.

మెడలోంచి తాళంచెవి తీసి సూట్‌కేసు తెరిచింది. ఆల్బమ్ పట్టుకుని పక్కవాటాలోకి వెళ్లింది. రేఖ ఒక్కతే కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"సెద తిననేదు. నానే దాసినాను," అంది దేముడమ్మ, ఆల్బమ్ ఆమె ఒళ్లో పెట్టి.

"తెలుసప్పా."

"ఎలగ తెలుసు?"

"ఖాళీ పెట్టెకి ఎవులైనా తాళమేస్తారేటి?"

"మరి నీ మొగుడికి సెప్పనేదేటి?"

"సెప్తే ఆడొచ్చి గుంజుకుంటాడు. నువ్వే ఇస్తావని సూసినాను. ఇంకో రెండ్రోజులు సూసి అప్పుడు సెప్పుదును." ఆ చివరి ముక్క రేఖ దాచుకోకుండా అనేసింది. మెతక మనిషే గాని మట్టిముద్ద కాదు.

దేముడమ్మ కింద కూర్చుంది. "ఆ పరీచ్చ సంగతి ఇయ్యాలే తెలిసినాది నాకు. ఇన్నేళ్లుగా ఒక్కసారీ ఎందుకననేదే నన్ను?"

రేఖ కత్తిపీట పక్కకి జరిపింది. పెరట్లో అరుణశ్రీ కోడిపిల్లల్ని తరుముతోంది. రేఖ అటే చూస్తూ అంది. "అంటే ఏటొస్తాదప్పా? ఆ ఏడు నాకెంత మండిందో నీకేటి తెలుసు! మీ ఇద్దరూ బస్సెక్కి ఎల్లిపోతుంటే తలుపేసుకుని ఏడిసినాను. ఇది పుట్టినాక ఇంకా మండింది. ఎత్తుకుంటే సల్లారేది, దించేస్తే మల్లీ మండేది. అందుకే రోజూ ఎత్తుకునేదాన్ని."

దేముడమ్మ ఇన్నేళ్లూ ఈ ఇంట్లో అసూయ తన ఒక్కదానిదే అనుకుంది. అది కూడా కూర్మమ్మ జతగానే పంచిపెట్టిందని అప్పుడు తెలిసింది.

మర్నాడు రేఖ, గిరిబాబులతో దేముడమ్మ కూడా నరసన్నపేట స్టూడియోకి వెళ్లింది. స్టూడియో నడిపే చినబాబు పెళ్లి ఫోటోని కంప్యూటర్లోకి ఎక్కించాడు. పీటల మీద నలుగురూ వరసగా ఉన్నారు. త్రినాథ్, దేముడమ్మ, రేఖ, గిరిబాబు. మధ్యలో పెళ్లికూతుళ్లిద్దరూ పక్కపక్కనే. చినబాబు ఫోటోని రేఖ పక్కగా నిలువునా కోశాడు. త్రినాథూ దేముడమ్మా మాయమైపోయారు. తన పెళ్లిలోంచి తననే అలా కోసెయ్యడం చూసి దేముడమ్మ తెర దగ్గరికి జరిగింది.

చినబాబు ముఖం చిట్లించాడు. "ఇక్కడెవరిదో చెయ్యి ఉండిపోయిందండీ."

ముగ్గురూ వంగి చూశారు. రేఖ చేతిని పట్టుకుని ఒక చెయ్యి, నిండా మట్టిగాజులతో. తాళి కట్టే ముందు రేఖ గజగజలాడుతుంటే దేముడమ్మ పట్టుకున్న చెయ్యి అది.

"చెరిపేయమంటారా?"

"సెరపకు బాబూ," అంది దేముడమ్మ చప్పున. "ఉండనీ. నాను ఎక్కకపోయినా నా సెయ్యైనా ఎక్కుతాది విమానం."

రేఖ నవ్వబోయి ఏడ్చేసింది. ఆ వారంలోనే రిజిస్ట్రారు ఆఫీసులో పని అయింది. సాక్షుల్లో మొదటి సంతకం దేముడమ్మదే. పెళ్లి కళ్లారా చూశారా అని అడిగితే, "పక్క పీట మీదే కూకున్నాను," అని చెప్పింది.

గిరిబాబు ముందు వెళ్లాడు. ముద్రలన్నీ పడి వీసా వచ్చేసరికి కోతలు కూడా అయిపోయాయి. రేఖ మెరూన్ సూట్‌కేసు ఆటో వెనకాల కట్టించుకుని వెళ్లిపోయింది. ఆటో మలుపు తిరిగేదాకా అరుణశ్రీ వెంట పరిగెత్తింది. దేముడమ్మ గుమ్మంలోనే నిలబడింది. కడుపులో మంట ఎప్పటిలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు దాని పక్కన దిగులు కూడా చేరింది. మర్నాడు పొద్దున పిల్లకి జడలు తనే వేసింది, రెండూ వంకరగా వచ్చాయి.

మాఘంలో ఒక శుక్రవారం త్రినాథ్ హుషారుగా ఫోన్ చేశాడు. "ఏప్రిల్లో నా సెలవు సేంక్షన్ అయినాది. టికెట్టు తీసేమంటావా?"

దేముడమ్మ గుండె ఎగిరింది. పక్కన అరుణశ్రీ ఫోన్‌కి చెవి ఆనించి కూర్చుంది.

"ఇంకో సంగతి," అన్నాడతను గొంతు తగ్గించి. "పరీచ్చ కూడా అప్పుడే పెడతన్నారంట. మల్లీ అదే రూలు. పోనీలే, ఇంకెప్పుడైనా సూద్దాం. పిల్ల ఎదురు సూస్తన్నాది కదా."

రెండేళ్లయింది అతన్ని చూసి. ఇప్పుడు రాకపోతే మళ్లీ ఎప్పటికో. అటు సగం ఖాళీ దండెం, వినపడని పక్కవాటా, ఇక గోడ అవతలికి మాట విసరడానికి కూడా మనిషి లేదు. వస్తే రెండు నెలలు. రాకపోతే ఏమో, పరీక్ష నెగ్గుతాడో లేదో, నెగ్గినా కార్డు మారుస్తారో లేదో.

"రాకు మావా," అంది.

"ఏటి?"

"రావద్దు. పరీచ్చ రాయి."

"ఏడవ్వు కదా?"

"ఏడుస్తాను. నువ్వు రాకు."

"సరే," అన్నాడు త్రినాథ్. అరుణశ్రీ తల్లి ముఖంలోకి చూసి, ఏం అర్థమైందో, లేచి నాయనమ్మ దగ్గరికి పోయింది.

దేముడమ్మ రెండో సూట్‌కేసు తెరిచింది. రేఖ తిరిగిచ్చిన ఆల్బమ్ కింద, కిందటి సెలవులో త్రినాథ్ వదిలేసి వెళ్లిన నీలం చొక్కా మడతపెట్టి ఉంది. దాన్ని పట్టుకుని నూతి దగ్గరికి వెళ్లి, సబ్బు పెట్టి, కాలరు రుద్ది, జాడించి పిండింది. దండెం మీద తన సగంలో ఆరేస్తుంటే అరుగు మీంచి కూర్మమ్మ చూసింది.

"ఎవరు తొడిగినారే, ఉతికినావు?"

"ఎవురూ తొడగనేదత్తా," అంది దేముడమ్మ, చొక్కా చేతులు రెండూ దులిపి క్లిప్పులు పెడుతూ.